అత్తయ్య చెవి తీగ

“ఇంకెన్ని తీగలు కోస్తావే? బీరువాలో కొత్త చెవి మిషను పెట్టుకుని, బల్లనిండా ఈ చెత్తేమిటి?” అన్నారు మా ఆయన, కంచం ఒళ్లో పెట్టుకుంటూ.

కంచం ఒళ్లో పెట్టుకోవడం ఆయన నిరసన. వైర్లన్నీ ఓ మూలకి జరిపి, టంకం తుంపులు ఏరి, తడిగుడ్డ పెట్టి తుడిచి మరీ ఆయనకి చోటు చేశాను. అయినా ఆ మనిషి కుర్చీ వెనక్కి లాక్కుని, బల్లకి ఆమడ దూరంలో కూర్చుని తింటున్నారు.

“ఆవిడ పెట్టుకోనంటుంటే నన్నేం చేయమంటారు? పట్టుకుని చెవిలో కుక్కమంటారా?” అన్నాను.

“నువ్వీ తీగలు చేసివ్వడం మానేస్తే ఆవిడే పెట్టుకుంటుంది.”

“మానేస్తే చెవి లేకుండా కూర్చుంటారు గానీ అది ముట్టుకోరు. మీ అమ్మ సంగతి మీకు నేను చెప్పాలా?”

“నిన్నా ఇదే, మొన్నా ఇదే. కొత్త డైలాగులు రాసుకోండి ఇద్దరూ” అంది మా అమ్మాయి. కాలేజీ సెలవులకని వచ్చి, వచ్చిన రోజు నుంచీ బొత్తాలు కుడుతున్న విసుగు దానిది.

ఇంత రగడా ఎవరి గురించో ఆ మనిషి మాత్రం బల్ల చివర నెమ్మదిగా భోంచేస్తోంది. కంచం పక్కన ఆవిడ చెవి డబ్బా ఉంది, తీగ లేకుండా. మా ముగ్గురి మొహాలూ వరసగా చూసి, “ఆ ఉప్పు ఇటు జరుపమ్మా” అంది మా అత్తయ్య.

మా అత్తయ్య దర్జీ. ఇంటి ముందుగదే మా కొట్టు. రెండు కుట్టు మిషన్లు, గుడ్డలు కత్తిరించే ఓ పొడుగు బల్ల, వీధి వైపు తలుపు, ఆ తలుపు పక్కన ఆవిడ కుర్చీ. కొలతలు తీయడం, బేరాలు, బుజ్జగింపులు, చీవాట్లు అన్నీ ఆవిడ పని. కుట్టడం నా పని. మా వీధిలో ఏ పిల్లాడి ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి దిగి ఉంటుందో కూడా ఆవిడకి తెలుసు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉండేది. స్నానానికి వెళ్లేటప్పుడు తీసేది, వచ్చి బట్టలతో పాటే వేసుకునేది.

చెవులు మందగించి చాలా ఏళ్లయింది. అప్పట్లో కొన్నదే ఈ డబ్బా. అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది. దానికి ఆవిడే ఓ గుడ్డ సంచీ కుట్టుకుని గుండెల మీద వేలాడేసుకుంది. డబ్బాలోంచి చెవిలో బిళ్ళదాకా ఓ సన్నటి తీగ. డబ్బా పక్కన చిన్న చక్రం. పైకి తిప్పితే మాటలు పెద్దగా వినిపిస్తాయి, కిందికి తిప్పితే తగ్గిపోతాయి. మా ఆయన ఉపన్యాసం మొదలుపెట్టగానే ఆవిడ బొటనవేలు సంచీలోకి వెళ్లడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆయన మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

చెవి వెనక పెట్టుకునే కొత్త మిషను ఆయనే కొనుక్కొచ్చారు. మంచి ఉద్దేశంతోనే. అది ఆవిడ చెవి దగ్గర ఊరికే ఈల వేసేది. బటన్లు చూద్దామంటే చీమ తలకాయంత. “నా చెవిలో కూర్చుని నన్నే ఎగతాళి చేస్తోందిరా ఇది. నాకు చక్రం కావాలి. ఎవరి మాట ఎంత వినాలో నా చేతిలో ఉండాలి” అని తీసి బీరువాలో పెట్టేసింది.

పాత డబ్బా ఇంకా గట్టిగానే ఉంది. వచ్చిన చిక్కల్లా తీగతోనే. తెగినప్పుడల్లా కొత్తది కొనుక్కునేవాళ్లం. ఆ ఎండాకాలం చెవి మిషన్లు అమ్మే కొట్టుకి వెళితే, “ఆ మోడల్ ఆపేశారండీ, తీగలు కూడా రావు” అన్నారు. సరిగ్గా అప్పుడే మాకు బడి బట్టల సీజను మొదలైంది. బడులు తెరిచేలోగా సగం పేటకి చొక్కాలూ, నిక్కర్లూ, గౌన్లూ అందించాలి. ఏడాదిలో మాకు ఊపిరాడనిది ఆ రోజుల్లోనే.

మొదటి వారమే ఒకావిడ కొట్టు గుమ్మంలో నిలబడి మా అత్తయ్య మీద గొంతు చించుకుని అరిచింది. “చెవిటి మనిషిని కూర్చోబెట్టి కొట్టు నడుపుతున్నారా, మీ ఇంట్లో ఇంకెవరూ లేరా?” అని. అత్తయ్యకి మాటలు వినపడలేదు గానీ మొహం చూస్తే అర్థమయ్యేది అర్థమైంది. ఆ సమయానికి మా ఆయన లోపలి గుమ్మంలో ఉన్నారు. ఆయన మొహం కందిపోయింది. ఆ సాయంత్రమే నన్ను వంటింట్లోకి పిలిచి అన్నారు:

“బడులు తెరిచేదాకా చూద్దాం. అమ్మకి వినపడి, ఇలాంటి మాటలు పడకుండా కొట్టు నడిస్తే సరే. లేదంటే ఫోన్ల షాపాయన ముందుగది అద్దెకి ఇమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. నువ్వు వెనక గదిలో కుట్టుకోవచ్చు.”

“ఆవిడ?”

“ఆవిడ విశ్రాంతి తీసుకుంటుంది. తప్పేముంది?”

తప్పేముందో నాకు వెంటనే చెప్పడం చేతకాలేదు. కుట్టు మిషను దగ్గరికి పోయి కూర్చుంటే నెమ్మదిగా తెలిసింది. ఆ కుర్చీలోంచి లేపితే ఆవిడ విశ్రాంతి తీసుకోదు, ఏదో ఒక గోడకి ఆనుకుని కూర్చుని ఉంటుంది, అంతే. తీగ దొరక్కపోతే నేనే చేస్తానని అప్పుడే అనుకున్నాను. సూదిలో దారం ఎక్కించే చేతులకి రెండు వైర్లు అతకడం ఓ లెక్కా అనుకున్నాను.

బజారు చివర ఓ రిపేరు కొట్టుంది. ఇప్పుడు అక్కడికి రేడియోలు ఎవరూ తీసుకురారు, ఫోన్ల చార్జర్లే వస్తాయి. అయినా అందరూ ఆయన్ని రేడియో బాబాయి అనే పిలుస్తారు. నేను వెళ్లి డబ్బా, తెగిన తీగా చూపించి నేర్పమన్నాను.

“ఇదేమన్నా అల్లికా, నేర్పడానికి? ఎందుకమ్మాయ్ నీకీ గోల? కొత్త మిషను కొనిపెట్టండి ఆవిడకి” అన్నాడు.

“మీరు కూడా మా ఆయన పాటే పాడతారేమిటి బాబాయ్? నేర్పుతారా, పొమ్మంటారా?”

కళ్లజోడు పైనుంచి కాసేపు చూసి, స్టూలు జరిపాడు. టంకం పెట్టే ఐరన్ ఎలా పట్టుకోవాలో, టంకం ఐరన్‌కి కాకుండా వేడెక్కిన తీగకి ఎలా తాకించాలో చూపించాడు. ఆయన అప్పుడే ఓ మాట చెప్పాడు. వైరు ఎక్కడైనా దొరుకుతుంది, దీని పిన్నులే దొరకవు. డబ్బాలోకి దిగే పిన్నులు రెండూ ఒకే లావు కాదు, ఒకటి లావు, ఒకటి సన్నం. చెవి బిళ్ళలోకి వెళ్లేవీ అంతే. ఆ కొలతకి బయట వేరే ఏదీ సరిపోదు. “పాత తీగలు దాచావా? వాటి తలకాయలు కోసి ఆ పిన్నులే మళ్లీ వాడుకోవాలి. పాడు చేశావో, ఇక లేవు” అన్నాడు.

అదృష్టం, అత్తయ్య దేన్నీ పారేసే మనిషి కాదు. బొత్తాల డబ్బా అడుగున తెగిన తీగలన్నీ చుట్టలు చుట్టి ఉన్నాయి. బ్లేడుతో వాటి రబ్బరు తలల్ని చీల్చి పిన్నులు బయటికి తీశాను. ఆ పనికే రెండు వేళ్లు కోసుకున్నాను.

మొదటి తీగకి స్పీకరు వైరు వాడాను. లావుగా ఉంటే గట్టిగా ఉంటుందనుకున్నాను. ఐరన్ పట్టుకోవడం కొత్త కదా, పొగకి కళ్లు మండుతుంటే, ఎట్టకేలకి అతికించి అత్తయ్య మెడ పక్కగా వేసి చెవికి తగిలించాను.

“వినిపిస్తోందా అత్తయ్యా?”

“వినిపిస్తోంది. మెడకి పలుపు కట్టావేమిటే? పాలు పితుకుతావా?” అంది.

వినిపించడమైతే వినిపించింది గానీ, ఆవిడ తల తిప్పినప్పుడల్లా ఆ మొద్దు వైరు బట్టకి రాసుకుని చెవిలో గరగరమనేదట. పైగా చెవి దగ్గర బరువు. కొద్ది రోజులకే పై పిన్ను దగ్గర తెగి ఊరుకుంది.

సన్నటిది కావాలని ఈసారి మా అమ్మాయి పాత ఇయర్‌ఫోన్ కోశాను. లోపల వెంట్రుకల్లాంటి ఎర్ర తీగలు, పచ్చ తీగలు. టంకం పెడితే అంటుకోదు. జిడ్డు కంచం మీద నీటి చుక్కలా దొర్లిపోతుంది. మధ్యాహ్నమంతా దాంతో కుస్తీ పట్టాక తెలిసింది, ఆ రంగు రంగు కాదు, తీగల మీది పూత అని. అది కాల్చేస్తే గానీ లోపలి రాగి బయటపడదు. కాలిస్తే తీగలే పుటుక్కున విరిగిపోతున్నాయి. ఒక జత పిన్నులు అలా వృథా అయ్యాయి. ఐరన్ విసిరికొట్టాలనిపించింది. వేడిగా ఉందని ఆగాను.

“అమ్మా, నువ్వు ఇంజనీరువి కావు, అది గుర్తుందా?” అంది మా అమ్మాయి.

“నువ్వు అవుతున్నావు కదా, రా, వచ్చి కూర్చో” అన్నాను.

“మాకు పుస్తకంలో సోల్డరింగ్ బొమ్మ ఒక్కటే ఉంది” అని నవ్వి, బొత్తాల గంప ముందుకు లాక్కుంది.

మూడోది బాగా కుదిరింది. మెత్తటి వైరు, లోపల సన్నటి తీగలు గుత్తుగా ఉన్నది. తెగేది పిన్ను దగ్గరే కదా అని, అక్కడ వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, దాని మీద జిగురు పోసి రాయిలా చేశాను. ఇక ఎలా తెగుతుందో చూస్తాననుకున్నాను. గొట్టం ఉన్నంత మేరా నిక్షేపంగా ఉంది. అది ఆగిపోయిన చోట, దాని అంచున, తెగింది. నేను ఎక్కడ గట్టిచేస్తే దాని పక్కకి జరిగి తెగుతోంది. నాతో దాగుడుమూతలు ఆడుతోందా అనిపించింది.

అన్నిటికన్నా బాధ ఏమిటంటే, ఆ తీగ ఒక్కసారిగా తెగేది కాదు. లోపల తెగి, పైన తొడుగు అలాగే ఉండేది. వేలితో ఒక చోట నొక్కి పట్టుకుంటే మాట వచ్చేది, వదిలితే పోయేది. కొట్టు నిండా పిల్లలూ తల్లులూ ఉంటే, అత్తయ్య ఒక చేత్తో మెడ దగ్గర తీగ నొక్కిపట్టి, రెండో చేత్తో టేపు పట్టుకుని ఛాతీ కొలిచేది. టేపు రెండో కొస పట్టుకోవడానికి నేను కుట్టు వదిలేసి లేవాలి. నేను లేస్తే మిషను ఆగుతుంది. మిషను ఆగితే చొక్కాలు ఆగుతాయి. తల్లులు ఆవిడని దాటుకుని నాతో మాట్లాడడం మొదలుపెట్టారు. “ఆవిడకి చెప్పండి, చేతులు కాస్త పొడుగు పెట్టమని.” ఆవిడ ఎదురుగా, ఆవిడ మోకాలికి తగులుతూ నిలబడి అనేవారు.

అలాంటి రద్దీలోనే ఓ పొద్దున్న మా ఆయన ఫోన్ల షాపాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన నవ్వుతూ అందరికీ నమస్కారం పెట్టి, జేబులోంచి ఇనప టేపు తీసి సర్రున లాగాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి, తలుపు నుంచి కిటికీకి. కుర్చీ కింది నుంచి టేపు పోనివ్వాల్సి వస్తే అత్తయ్య రెండు కాళ్లూ పైకెత్తి దారిచ్చింది. టేపు వెళ్లిపోయాక కాళ్లు మళ్లీ కింద పెట్టింది.

“ఎవరే అతను?” అని అడిగింది, గట్టిగా.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశారు. “తర్వాత చెబుదాంలే” అన్నారు నాతో, మెల్లగా. వినపడని మనిషి ముందు మెల్లగా మాట్లాడడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

వాళ్లు బయటికెళ్లాక వంటింట్లో ఆయన్ని నిలదీశాను. “బడులు తెరిచేదాకా అన్నారు కదా? గడువు కాకముందే కొలతలేమిటి?”

“కొలుచుకుంటానంటే వద్దంటామా? ఊరికే చూసుకుంటున్నాడు.”

“మరి ఆవిడ అడిగితే ఏం చెప్పను?”

“ఏదో ఒకటి చెప్పు.”

“నేను చెప్పను. మీ అమ్మ, మీ గది, మీ ఫోన్లాయన. మీరే చెప్పుకోండి. అబద్ధం మాత్రం నా నోట్లోంచి రాదు.”

“నువ్వూ ఆవిడ కోసమే అనుకుంటున్నావు, నేనూ ఆవిడ కోసమే అనుకుంటున్నాను. నువ్వేమో మంచిదానివి, నేనేమో విలన్నా?” అని ఆయన విసురుగా వెళ్లిపోయారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

ఆ మంట మీదే రేడియో బాబాయి దగ్గరికి వెళ్లాను. తెగిన తీగలన్నీ ఆయన బల్ల మీద గుమ్మరించి, “ఇక నావల్ల కాదు” అన్నాను. ఆయన ఒక్కొక్కటీ వంచి చూసి, వెనక అరలోంచి పాత టెలిఫోను రిసీవరు ఒకటి తీశాడు. దాని మెలికల తీగ కోసి, తొడుగు ఒలిచి నా చేతిలో పెట్టాడు.

“చూడు, ఇందులో ఏముందో.”

దారం! సన్నటి నూలు దారం. దాని చుట్టూ జరీ చుట్టినట్టు పల్చటి రాగి రేకు చుట్టి ఉంది.

“దారం వంగుతుంది, రేకు దాంతోపాటు వంగుతుంది. ఎన్నిసార్లు వంచినా విరగదు. కానీ ఐరన్ తాకిస్తే దారం కాలిపోద్ది. దీన్ని అతకడం నాకే విసుగు” అన్నాడు.

అది నాకు విసుగు కాలేదు. దారమంటే నాకు తెలిసిన వస్తువు. కొసకి వెంట్రుకలాంటి ఉత్త రాగి తీగని బొత్తాం కాడకి చుట్టినట్టు దగ్గరదగ్గరగా బిగించి చుట్టాను. ఆ చుట్ల మీద మాత్రమే, దారం మాడే లోపల, టక్కున టంకం తాకించి తీసేశాను. నా తీగల్లో అచ్చం కొన్న తీగలా కనిపించింది అదొక్కటే. అత్తయ్య చెవికి తగిలించగానే ఆవిడ తల ఇటూ అటూ తిప్పి చూసింది. గరగర లేదు.

“పక్కింటివాళ్ల కుళాయి కారుతోంది, చెప్పండి వాళ్లకి” అంది.

ఆ వారం మా కొట్టు మళ్లీ మా కొట్టులా ఉంది. ఆవిడ బేరాలాడింది, పిల్లల్ని నవ్వించింది, అరిచిన ఆవిడ రెండో బిడ్డకి కూడా కొలతలివ్వడానికి వస్తే, “రామ్మా, నీ గొంతు బాగుంది, దూరం నుంచే వినపడుతుంది” అంది. నా మిషను ఆగకుండా నడిచింది. మా ఆయన కంచం బల్ల మీదికి వచ్చింది.

తర్వాతి వారం ఓ మధ్యాహ్నం ఆవిడ నా దగ్గరికి వచ్చి అరచేయి చాపింది. అరచేతిలో తీగ. వైరు తెగలేదు. తలలోంచి పిన్నే విరిగి ఊడి వచ్చేసింది, పీకినట్టు.

“ఏం చేశారత్తయ్యా?” అని ఆవిడ చెవి దగ్గర అరిచాను.

“నేనేం చేశాను? కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను.”

“ఊరికే ఊడుతుందా? ఎవరో లాగితే గానీ ఇలా రాదు!”

“ఎవరు లాగుతారే? దెయ్యమా?”

నేను ఏడవలేదు గానీ, ఏడిస్తే బాగుండేదనిపించింది. బొత్తాల డబ్బాలో ఇక ఒక్క తీగకి సరిపడే పిన్నులే మిగిలాయి. బడులు తెరవడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. కుట్టాల్సిన గుడ్డలు నా పక్కన గుట్టగా ఉన్నాయి. మిషను దగ్గర కూర్చున్నానే గానీ కాలు ఆడలేదు. ఊరికే ఆవిడ వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ చెవిలో బిళ్ళ అలాగే ఉంది. డబ్బా సంచీలో ఉంది. అలవాటు కొద్దీ, పిన్నులు జిగురులో ఇరుక్కుపోయి పనికిరాకుండా పోయిన పాత తీగొకటి తగిలించుకుంది, మెడ బోసిగా ఉందని కాబోలు. ఓ తల్లి, ఆవిడ కూతురు వచ్చారు. అత్తయ్య చేయి మెడ దగ్గరికి వెళ్లింది, టేపు కొస పట్టుకుని సర్రున లాగింది. టేపుతో పాటు తీగ కూడా మెలిపడి లేచి, చెవి దగ్గర బిగుసుకుని, టేపు పూర్తిగా జారిపోయాక కిందికి పడింది. భుజం కొలిచింది. టేపు మెడలో వేసుకుంది. మళ్లీ లాగింది, నడుం కొలిచింది. మళ్లీ వేసుకుంది. చేయి పొడవు. మళ్లీ. లాగినప్పుడల్లా తీగ లేచి, బిగిసి, పడుతోంది.

ఒక గౌనుకే ఇన్నిసార్లు. రోజంతా ఎన్ని గౌన్లు!

సీజను సాగినంత కాలం వైరు మార్చాను, టంకం మార్చాను, గొట్టాలు తొడిగాను, జిగురు పోశాను. ఆ మెడలో తీగతో పాటు ఇంకేముందో మాత్రం చూడలేదు. టేపు ఆవిడ ఒంట్లో భాగమైపోయింది కదా, ముక్కునీ చెవినీ ఎవరు చూస్తారు?

వాళ్లు వెళ్లాక ఆవిడ ముందు నిలబడ్డాను. అరవలేదు. ఆవిడ మెడలో టేపు కొస పట్టుకుని, ఆవిడ లాగినట్టే లాగాను. తీగ లేచి బిగిసింది. అలాగే పట్టుకుని ఆవిడకి చూపించాను. ఆవిడ ఆ మెలిక వైపు చూసింది. తర్వాత నా వేళ్ల మీద మానిన గాట్ల వైపు చూసింది.

మర్నాడు గోడకి మేకు కొట్టి టేపు అక్కడ తగిలించాను. ఆవిడ చేయి మేకు దగ్గరికి పోదే! మెడ దగ్గరికే వెళ్లి, అక్కడ తడుముకుని, ఉలిక్కిపడేది. నడుముకి కట్టుకుని చూసింది, కూర్చుంటే ఒత్తుకుంటోందంది. బల్ల మీద పెడితే గుడ్డల కింద పోయి, ఇల్లంతా వెతికాం. మధ్యాహ్నానికల్లా టేపు మళ్లీ మెడలో ఉంది.

“అత్తయ్యా!”

“అది లేకపోతే ఒంటి మీద బట్ట లేనట్టుందే. నన్నేం చేయమంటావు?” అంది, నా మీదే కోపంగా.

“అయితే తీగ అక్కర్లేదా మీకు? ఉన్నవి ఒక్క తీగకి సరిపడే పిన్నులే. అవీ పీకేస్తే ఇంక దేవుడే దిగి రావాలి!”

వినపడిందో లేదో, మొహం తిప్పుకుంది. నేను ఐరన్, టంకం, వైరు ముక్కలు అన్నీ ఓ సంచీలో పడేసి అటక మీదికి విసిరాను. బల్ల ఖాళీ అయింది. మా ఆయన చూసి కూడా నోరు మెదపలేదు, తన కంచం బల్ల మీదే పెట్టుకుని తిన్నారు. ఆయన ఒక్క మాట అనుంటే బాగుండేది, తిరిగి అరవడానికైనా ఉండేది.

అరిచేందుకు ఎవరూ లేక, మర్నాడు మధ్యాహ్నం స్టూలెక్కి సంచీ కిందికి దించాను. మిగిలిన పిన్నులతో, టెలిఫోను దారంతో చివరి తీగ చేశాను. పిన్ను మీద బరువు పడకుండా దాని పక్కన ఓ చిన్న మెలిక వదులుగా వదిలి, ఆ మెలికని డబ్బా సంచీ పట్టీకి దారంతో కుట్టేశాను. లాగితే ముందు గుడ్డ మీద పడుతుంది. అయినా ఆ టేపు ముందు ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో నాకే నమ్మకం లేదు. అత్తయ్య పడుకుని ఉంటే దిండు పక్కన పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రం అందరం పెందలాడే భోజనాలకి కూర్చున్నాం. అత్తయ్య చివరిగా వచ్చింది. చెవికి తీగ ఉంది. వడ్డించే తొందరలో ఉన్నాను కాబట్టి ఇంకేమీ గమనించలేదు.

“రేపు ఫోన్లాయన వస్తానన్నాడు. అరలు ఎక్కడ కొట్టుకోవాలో చూసుకుంటాడట. అమ్మకి ఇవాళ చెప్పేద్దాం” అన్నారు మా ఆయన నాతో, ఆవిడ తల మీదుగా.

“ఏం చెబుతావురా?” అంది అత్తయ్య.

మా అమ్మాయి నమలడం ఆపింది. మా ఆయన గతుక్కుమని ఆవిడ చెవి వైపు చూశారు, తీగ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

“అది కాదమ్మా… నీకు శ్రమ అవుతోందని… ఆ ముందుగది…”

“తెలుసులేరా. అతను టేపు పట్టుకుని వచ్చిన రోజే తెలుసు. జీవితమంతా కొలిచిన దాన్ని, ఒకడు ఎందుకు కొలుస్తున్నాడో తెలుసుకోడానికి నాకు చెవులు కావాలా?” అంది. కోపంగా అనలేదు. పులుసు వడ్డించమన్నంత మామూలుగా అంది.

“మరి ఇన్నాళ్లూ అడగలేదేం నానమ్మా?” అంది మా అమ్మాయి.

“వీడు చెబుతాడేమో చూద్దామని.”

మా ఆయన తల దించుకున్నారు. నాకు ఆయన మీద జాలేసింది, చెప్పొద్దూ.

అత్తయ్య ఒళ్లోంచి ఏదో తీసి నా కంచం పక్కన పెట్టింది. గుండ్రంగా, బిగుతుగా చుట్టిన టేపు. అప్పుడు చూశాను ఆవిడ మెడ వైపు. అక్కడ తీగ ఒక్కటే ఉంది, సన్నగా, చెవి దాకా. టేపు ఉండే చోట చర్మం తెల్లగా గీత పడి ఉంది.

“అందరూ ఉన్నారు కాబట్టి చెబుతున్నా” అంది, గొంతు పెంచకుండా. “రేపట్నుంచి టేపు దీని మెడలో ఉంటుంది. కొలతలు ఇదే తీస్తుంది. నేను కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడతాను, వాళ్లు చెప్పింది వింటాను. గది ఎవరికీ ఇవ్వడం లేదు.”

నన్నెవరూ అడగలేదు. కొలతలు నేను తీస్తే కుట్టేదెవరు, ఆ గుట్ట ఎప్పటికి తరుగుతుంది, నాకున్నవి రెండు చేతులే కదా. ఈ మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. టేపు ఇంకా ఆవిడ ఒంటి వెచ్చదనంతోనే ఉంది. తీసి పక్కన పెడదామని పట్టుకున్నదాన్ని, అలాగే పట్టుకుని కూర్చున్నాను.

“మరి రేపు అతనొస్తే నేనేం చెప్పనమ్మా? మాటిచ్చాను కదా, నువ్వు కాస్త ఆలోచించు, అసలు సంగతేమిటంటే…” అని మా ఆయన మొదలుపెట్టారు.

అత్తయ్య బొటనవేలు గుండెల మీది సంచీలోకి వెళ్లింది. చక్రం కిందికి తిప్పేసి, “ఆ ఉప్పు ఇటు జరుపమ్మా” అంది.